మూడో ప్యానెల్ తాళంచెవి

శవం గుప్పిట విప్పడానికి ఇద్దరు పట్టారు. లోపల చిటికెనవేలంత కూడా లేని ఇత్తడి తాళంచెవి ఉంది.

"నీటి శుద్ధి ప్లాంటులో కంట్రోల్ ఇంజనీర్. ముప్ఫయ్యేళ్ల సర్వీసు," అన్నాడు చీఫ్, ఫొటో బల్ల మీదికి తోస్తూ. "ఫిల్టర్ హౌస్ మెట్ల కింద దొరికాడు. జారిపడ్డాడని ప్లాంటు వాళ్లంటున్నారు. మెడ విరిచారని మన డాక్టరంటున్నాడు."

బల్లకి ఇవతల రెండు కుర్చీలు. మెత్తటిదాంట్లో డిగ్రీ కూర్చున్నాడు. మూడు డిగ్రీలున్నాయి కాబట్టి డిపార్ట్‌మెంటంతా వాణ్ని అలాగే పిలుస్తుంది. చేతుల్లేని కుర్చీలో మిస్త్రీ. ఏడో తరగతితో బడి మానేసి, కంట్రోల్ ప్యానెళ్లకి వైరింగ్ చేసుకుంటూ, ఇరవై రెండేళ్ల కిందట ఈ రహస్య శాఖలోకి వచ్చాడు. ఆ రోజుల్లో మెత్తటి కుర్చీ అతనిదే.

"ప్లాంటులో మూడు పాత కంట్రోలర్లున్నాయి," అన్నాడు చీఫ్. "ఏ మోటారు ఎప్పుడు తిరగాలో, ఏ వాల్వు ఎంత తెరుచుకోవాలో చెప్పే పెట్టెలు. ఇన్నాళ్లూ వాటికి బయటి ప్రపంచంతో మాటల్లేవు. ఇప్పుడు వాటిని తీసెయ్యకుండానే కమ్యూనికేషన్ కార్డు తగిలించి నెట్‌వర్క్‌లో కలుపుతున్నారు. పది రోజుల్లో, పొద్దున్న పదకొండింటికి ప్రారంభోత్సవం. ఆ లైన్లోంచి ఓ విదేశీ ముఠా దూరి మూడో కంట్రోలర్ ప్రోగ్రామ్ మార్చబోతోంది."

"మూడోది దేన్ని నడుపుతుంది సార్?" అడిగాడు డిగ్రీ.

జవాబు మిస్త్రీ చెప్పాడు. "క్లోరిన్ గ్యాస్. వాల్వు బార్లా తెరుచుకుంటే పక్కనున్న స్టాఫ్ క్వార్టర్స్‌లో ఒక్క ప్రాణం మిగలదు. అందులో మా అక్క ఉంటుంది."

అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆ అక్కే. ప్లాంటు ల్యాబ్‌లో అటెండర్.

"ప్రారంభోత్సవం ఆపితే ముఠా జారిపోతుంది. మనిషి చేతికి చిక్కాలి," అన్నాడు చీఫ్. "ఈ తాళంచెవి సంగతేమిటి?"

"లాకర్‌ది సార్! ఇంజనీర్ ఏవో ఆధారాలు దాచుంటాడు. నేను పట్టుకుంటాను," అన్నాడు డిగ్రీ.

మిస్త్రీ నోరు తెరిచాడు. అతనికి చూడగానే తెలిసిపోయింది. అది కంట్రోలర్ ముఖానికి ఉండే తాళానిది. ఎడమకి తిప్పితే రన్. ఇక ఏ లైన్లోంచి ఎవరొచ్చినా ప్రోగ్రామ్ మార్చలేరు. కుడికి తిప్పితే రిమోట్. ఎక్కడినుంచైనా మార్చొచ్చు. పాతకాలపు పనివాళ్లు పని ముగించగానే రన్‌లో పెట్టి, చెవి జేబులో వేసుకుని పోయేవాళ్లు. కార్డు పని కోసం రిమోట్‌లో పెట్టిన ఇంజనీర్, తిరిగి తాళం వెయ్యబోతూ చచ్చాడు.

"శభాష్!" అన్నాడు చీఫ్ డిగ్రీతో. "ఈ ఆపరేషన్‌కి నువ్వే లీడర్. కొత్త కారు తీసుకో. సంపెంగ నీతో పనిచేస్తుంది. మిస్త్రీ, నువ్వు టెక్నీషియన్ వేషంలో వెళ్లి వీడు చెప్పింది చెయ్యి."

మిస్త్రీ నోరు మూసుకున్నాడు. తిరగనీ. లాకర్లన్నీ కాళ్లరిగేలా తిరగనీ. ప్రారంభోత్సవం నాడు చీఫ్ కళ్ల ముందు ఆ చెవి అడిగి తీసుకుని, టక్కున తిప్పి చూపించాలి. అప్పుడు తెలుస్తుంది ఎవడి చదువు ఎంతో.

బయట డిగ్రీ అతని చేతిలో ఓ లైన్ టెస్టర్ పెట్టాడు. పిడిలో మైకూ, చిన్న స్పీకరూ ఉన్నాయి. "నేను జీరో వన్. నీ కోడ్ పేరు పాత ఇనుము. ఫీలవ్వకు బాబాయ్."

"నేను నీకు బాబాయినెప్పుడయ్యానురా? పన్నెండేళ్లేగా తేడా!"

"ప్రమాదమైతే 'ఫ్యూజు కొట్టేసింది' అను. సరేనా బాబాయ్?"

ఇత్తడి చెవిని వాడు అప్పటికే కారు తాళాల గుత్తికి తగిలించేసుకున్నాడు.

సంపెంగ ఆ కమ్యూనికేషన్ కార్డులమ్మే కంపెనీలో సేల్స్ మేనేజరు. ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంటుకి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంటు. రోజూ కొత్త కారులోంచి నల్ల కళ్లద్దాలతో దిగేది. దిగేటప్పుడు డిగ్రీ చెయ్యి అందించేవాడు. ప్యానెల్ కింద వెల్లకిలా పడుకుని వైర్లు బిగిస్తున్న మిస్త్రీకి ఆమె మడమలు మాత్రం కనిపించేవి. చేతిలో ఉన్న స్క్రూని మర అరిగేదాకా బిగించేవాడు.

ఆరో రోజు ఆ మడమలు అతని దగ్గరే ఆగాయి. "మూడోదాని తాళం రిమోట్‌లోనే ఉందిగా?"

"ఉంది మేడమ్," అన్నాడు మురిసిపోయి.

ఆమె వెళ్లాక స్క్రూడ్రైవర్ ఆగింది. సరుకమ్మే మనిషికి తాళం గొడవ దేనికి?

సాయంత్రం డిగ్రీని పక్కకి పిలిచాడు. "ఆవిడ మన మనిషి కాదు. కన్నేసి ఉంచు."

డిగ్రీ పకపకా నవ్వాడు. "కుళ్లు బాబాయ్, కుళ్లు! నీకు హలో చెప్పలేదనేగా?"

అది అబద్ధం కాదు. మిస్త్రీ తిరిగి ప్యానెల్ కిందికి దూరాడు.

పదో రోజు మిస్త్రీ క్లోరిన్ షెడ్డులో మూడో కంట్రోలర్ ప్యానెల్ ముందు నిలబడ్డాడు. కార్డు, కేబులు, స్విచ్చు అన్నీ ఉక్కు తలుపు వెనకాలే. తలుపుకి డిగ్రీ పెట్టించిన బొటనవేలు తాళం, వాడి వేలిముద్రకో ఫోనుకో తప్ప తెరుచుకోదు. బయటికి కనిపించేవి చిన్న దీపం, కీ రంధ్రం, అంతే.

పది యాభై ఆరుకి దీపం మిణుకుమంది.

"జీరో వన్! ఫ్యూజు కొట్టేసింది!"

"మెల్లగా బాబాయ్. చీఫ్ ప్రసంగిస్తున్నాడు. ఇంకా నేను బటనే నొక్కలేదు."

"నువ్వు నొక్కకుండానే ఎవడో లోపలికొచ్చాడు. ప్రోగ్రామ్ చదువుతున్నాడు. దొంగ ముందు ఇల్లు చూసుకుంటాడు కదా, అలా. ఈ ముసలి కంట్రోలర్ నత్తలా మాట్లాడుతుంది, మొత్తం చెప్పడానికి నాలుగు నిమిషాలు. తర్వాత వాడు రాయడం మొదలెడతాడు. తలుపు తియ్యి, కార్డు పీకేస్తాను."

ఫోను మీద టకటకలు. "తాళం అప్‌డేట్ అవుతోందట. దయచేసి వేచి ఉండమంటోంది."

"నీ తాళం తగలెయ్య!"

షెడ్డు కిటికీలోంచి క్వార్టర్స్ కనిపిస్తున్నాయి. రెండో అంతస్తు వరండాలో అక్క దుప్పటి దులుపుతోంది. మిస్త్రీ టెస్టర్‌ని నోటికి ఆనించుకున్నాడు.

"అబ్బాయ్, నీ గుత్తిలో ఇత్తడి చెవి ఉంది చూడు. అది లాకర్‌ది కాదు. ఈ కంట్రోలర్‌ది. తిప్పితే ఎవడూ రాయలేడు. ఇది తయారుచేసిన కంపెనీనే ఎత్తేశారు, ఇంకోటి దొరకదు."

"నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే."

"పది రోజులు బ్యాంకుల చుట్టూ తిప్పావా నన్ను! ఎందుకు బాబాయ్?"

"నువ్వన్నదే. కుళ్లు. పరిగెత్తరా!"

డిగ్రీ పరిగెత్తాడు. షెడ్డు గుమ్మం దగ్గరికొచ్చేసరికి మిస్త్రీకి వీపు పెట్టి, దారికి అడ్డంగా సంపెంగ నిలబడి ఉంది. హ్యాండ్‌బ్యాగులోంచి అగ్గిపెట్టెంత పిస్తోలు బయటికొచ్చింది.

"గుత్తి ఇటివ్వు డియర్."

డిగ్రీ గుత్తి బిగించి పట్టుకుని నిలబడిపోయాడు. అన్ని డిగ్రీల్లో ఒక్కదాంట్లోనూ ఇది సిలబస్‌లో లేదు.

"అబ్బాయ్, విసురు!" అరిచాడు మిస్త్రీ.

గుత్తి ఆమె తల మీదుగా ఎగిరింది. ఆమె గిర్రున తిరిగి కాల్చింది. గుండు మిస్త్రీ చెవి పక్కనుంచి పోయి బొటనవేలు తాళంలో దిగింది. తాళం మాత్రం ఇంకా వేచి ఉండమనే అంటోంది. మిస్త్రీ గుత్తిని గాల్లోనే అందుకున్నాడు. కారుది. ఇంటిది. ఇత్తడిది! రంధ్రంలో దూర్చి ఎడమకి తిప్పాడు.

టక్.

మిణుకుమంటున్న దీపం ఒక్కసారిగా ఎర్రబడింది. రాయడం కుదరదు పొమ్మంది ముసలి కంట్రోలర్. కంట్రోల్ రూములో గడియారం పదకొండు కొట్టింది. డిగ్రీ సంపెంగ మణికట్టు మెలితిప్పాడు. ఆమె ఫోన్లో మిగతా ముఠా చిరునామాలన్నీ దొరికాయి.

రిపోర్టు డిగ్రీయే రాశాడు. "శత్రువుకి పొక్కకూడదని, తాళంచెవి రహస్యాన్ని సొంత టీముకి కూడా చెప్పకుండా కాపాడిన మిస్త్రీగారి దూరదృష్టి" అని రాసి, కింద సంతకం పెట్టాడు. వాడు మంచివాడు కూడానని తెలిసేసరికి మిస్త్రీకి ఇంకా మండింది.

మెడల్స్ ఇచ్చిన సాయంత్రం అతను అక్క ఇంటికి వెళ్లాడు. ఆమె కుళాయి తిప్పి గ్లాసు నిండా నీళ్లు పట్టి చేతికిచ్చింది. గుక్క తిప్పుకోకుండా తాగాడు.

"నీతోపాటు ఆ అబ్బాయికీ ఇచ్చారటగా?" అంది అక్క, మెడల్ తిప్పి చూస్తూ. "ఇద్దరికీ ఒకటేనా?"

"ఒకటే అన్నారు," అన్నాడు మిస్త్రీ గ్లాసు కింద పెట్టి. "వాడిది రెండు మిల్లీమీటర్లు పెద్దదక్కా. కొలిచాను."