కరెంటు తినని బోర్డు

కేశవమూర్తి గారితో చిక్కల్లా ఒకటే. స్విచ్చి కనబడితే ఆర్పేస్తారు. చింతామణి ఊళ్ళో పట్టుచీరల అంగడి మూసి ఇంటికి రాగానే గది గదికీ తిరిగి ఆర్పుకుంటూ వస్తారు. స్నానాల గదిలో మనిషి ఉన్నారా లేరా అన్నది తర్వాతి సంగతి.

అలాంటి ఇంట్లో రాత్రింబవళ్ళూ నడిచే హోమ్ సర్వర్ పెట్టాలని కూతురు అక్షతకు పట్టుదల. చీరల ఫోటోలన్నీ అందులో ఉంటే బాగేపల్లి నుంచి వచ్చే గిరాకీలు అంగడి దాకా రాకుండా ఫోన్లోనే చూసుకోవచ్చు.

"సర్వర్‌కి తక్కువ కరెంటు తినే చిన్న బోర్డు కంప్యూటరు కావాల," అంది బస్టాండు దగ్గర కంప్యూటర్ అంగట్లో.

అంగడి నందకిశోర్‌ది. ఆమె వంక చూసి ఎందుకో తడబడ్డాడు. "బోర్డెందుకండీ? పాత డెస్క్‌టాప్ ఉండాది. ఏనుగు లాంటిది."

"ఏనుగుకి మేతెవరు పెడతారు, మా నాయన పెడతాడా?"

"సర్వీసు ఫ్రీ."

ఆ మాటకు పడిపోయింది అక్షత.

మూడు వారాల్లో ఏనుగు నాలుగుసార్లు కూలింది. సాయంత్రం నాయన స్విచ్చి ఆర్పడం, పొద్దున అది లేవకపోవడం, నందకిశోర్ స్క్రూడ్రైవరుతో రావడం. పది నిమిషాల పని, గంటసేపు కబుర్లు. మూడోసారి నుంచి అక్షత జడలో మల్లెలు ఎందుకు కనబడ్డాయో ఆమెనే అడగాలి.

కానీ గిరాకీలు ఊరుకోరుగా. "ఫోటోలు యాడమ్మా?" అని ఒకటే ఫోన్లు.

"బోర్డు తెస్తారా, వేరే అంగడికి పొమ్మంటారా?" అని నందకిశోర్‌ను నిలదీసింది అక్షత.

తెచ్చాడు. పేకముక్కల పెట్టెంత ఉంది. కేశవమూర్తి గారు కాపలా నిలబడ్డారు. "ఎంత తింటాది?"

మీటరు పెట్టి చూపించాడు. నాలుగు వాట్లు. ఆయన నమ్మక, దేవుడి గదిలో ఎప్పుడూ ఆర్పని బుడ్డి బల్బుకూ పెట్టించారు. ఐదు.

"దేవుని బల్బు కన్నా తక్కువా! ఉండనీ అయితే," అని తానే స్విచ్చి మీద టేపు అతికించేశారు.

నందకిశోర్ సంచి సర్దుకోవడం ఎంతకీ తెమల్లేదు. "ఇంక ఇది చెడిపోదు," అన్నాడు, చావుకబురు చెప్పినట్టు.

అక్షత కళ్ళు చిన్నవి చేసింది. "మొదటిరోజు ఈ బోర్డు మీ అంగట్లో ఉండెనా?"

"ఉండె."

"మరి ఏనుగునెందుకు అంటగట్టినారు?"

అతను సంచి జిప్పుతో కుస్తీ పడ్డాడు.

"అడుగుతాండాది కదప్పా, చెప్పు," అన్నారు కేశవమూర్తి గారు.

"బోర్డు చెడిపోదు సార్. చెడిపోకపోతే నన్నెవరు పిలుస్తారు?"

కేశవమూర్తి గారు కూతురి వైపు చూశారు. ఆమె సర్వర్ వైర్లు సర్దుతోంది, సర్దిన వాటినే మళ్ళీ.

"దానికి నా గిరాకీలను ఏడిపిస్తావా? మీ అమ్మను పిల్చుకోనొచ్చి సక్కంగా పిల్లనడగాలని తెలీదా?"

"తప్పయింది సార్."

"నాయనకు చెప్తే ఎట్లా? తిప్పలు పడింది నేను," అంది అక్షత, తల ఎత్తకుండానే.

నందకిశోర్ ఆమె వైపు తిరిగాడు.

"తప్పు నాదే అక్షతా. మొదటిరోజే నిన్ను అడగాల్సింది."