పదమూడులో తొమ్మిది

"ఫైలు తడిసింది, మీరూ తడిశారు. కాస్త పక్కకి జరిగి కారండి."

ఆర్థిక సహాయం ఆఫీసులో మూడో కౌంటరు అమ్మాయి తలెత్తకుండానే అంది. బయట వాన దంచేస్తోంది. కౌంటరు ముందు నిలబడ్డవాణ్ణి కాలేజీలో అందరూ పొడుగు అంటారు. ఆరడుగుల మూడంగుళాలు మరి! ఆ ఎత్తు నుంచి అతనికి ముందు ఆమె పాపిడి కనిపించింది, తర్వాత చెవి వెనక దోపుకున్న పెన్సిలు. అప్పుడామె తలెత్తింది. అంతే, పొడుగు ఎందుకొచ్చాడో మర్చిపోయాడు.

"మీ స్కాలర్‌షిప్ ఆగిపోయేలా ఉంది," ఆమే గుర్తు చేసింది.

"నేనెప్పుడూ ఫెయిలవలేదండీ! నాలుగు సబ్జెక్టులు మధ్యలో డ్రాప్ చేశానంతే."

"డ్రాప్ చేసినవీ లెక్కలోకే వస్తాయి. మొదలుపెట్టిన వాటిలో మూడింట రెండొంతులు పాసవ్వాలి. మీరు తొమ్మిది మొదలుపెట్టి అయిదు పాసయ్యారు. ఈ సెమిస్టర్‌లో తీసుకున్న మూడూ పాసైతే పన్నెండులో ఎనిమిది, సరిగ్గా సరిపోతుంది. ఒక్కటి పోయినా సాయం బంద్."

సాయం బందైతే ఏమవుతుందో పొడుగుకి ఒకరు చెప్పక్కర్లేదు. అమ్మ కుట్టుమిషను మీద ఇల్లు గడవడమే కష్టం. టైర్ల షాపున్న మావయ్య "చదువు నీకు అచ్చిరాదురా, వచ్చెయ్" అంటూ అప్పుడే యూనిఫాం కూడా కుట్టించి పెట్టాడు. కుట్టింది అమ్మే.

ఇంత చెప్పాక బుద్ధున్నవాడెవడైనా ఇంటికెళ్ళి పుస్తకం తీస్తాడు. మనవాడి చూపేమో ఆమె టేబుల్ మీద అంటించిన టైమ్‌టేబుల్ మీద పడింది. 'ఈత, పొద్దున ఏడు' అని ఉంది. నీళ్ళంటే భయంతో బకెట్ నిండితేనే రెండడుగులు వెనక్కేసే మనిషి, ఆఫీసు మెట్ల మీదే నిలబడి, ఫోన్లో నాలుగు నొక్కులు నొక్కి ఈత క్లాసులో చేరిపోయాడు.

మర్నాడు ఈత కొలను గట్టు మీద, మెడలో విజిల్‌తో ఆ అమ్మాయి. చేరడానికి కాదు, నేర్పడానికి! మాస్టారికి ఆమె అసిస్టెంటట.

"నువ్వా!" మీరు, గారు అన్నీ ఎగిరిపోయాయి. "ఈతొచ్చా నీకు?"

"నేర్చుకుందామని. ఆరోగ్యానికి మంచిదట."

"పన్నెండుని పదమూడు చేశావు కదయ్యా! ఇప్పుడు ఎనిమిది చాలదు, తొమ్మిది కావాలి. నాలుగూ పాసవ్వాలి. ఇందులో పాసవ్వడమంటే తెలుసా? ఈ చివర్నుంచి ఆ చివరికి ఇరవై అయిదు మీటర్లు, ఆగకుండా."

పొడుగు గట్టు నుంచి రెండడుగులు వెనక్కేశాడు. "అయితే డ్రాప్..."

"ఆ మాట ఎత్తావంటే నీళ్ళలోకి తోసేస్తా. లెక్కలో పడకుండా మానెయ్యడానికి ఆఖరి రోజు నిన్ననే!"

ఆ మధ్యాహ్నం కౌంటరు మీద ఒక ఫారం పెట్టింది. అదనంగా చేరిన సబ్జెక్టుకి కారణం రాయాలి.

"ఆరోగ్యం అని రాయనా?"

"అబద్ధం రాస్తే నేను తీసుకోను. అసలు కారణం రాసిస్తేనే ఫైలు క్లోజవుతుంది."

పొడుగు చెవులు ఎర్రబడ్డాయి. "తర్వాత రాస్తానండీ," అని ఆ గడి ఖాళీగా వదిలేశాడు.

అప్పట్నుంచి రోజూ అదే తంతు.

"ఇంత పొడుగున్నావు, నడుంలోతు నీళ్ళలో మునుగుతావేం?"

"మీరు పక్కనుంటే కాళ్ళు నేల మీద ఆనట్లేదండీ."

"ఊపిరి వదులు. నీళ్ళలోకి వదలాలి, నా మీదకి కాదు!"

కోప్పడేది. కోప్పడుతూనే క్లాసు అయ్యాక అరగంట ఆగేది. సాయంత్రం లైబ్రరీలో అతను మిగతా మూడు సబ్జెక్టులూ చదువుతున్నాడో లేదో చూసి పోయేది. అతనికి ఒకవైపు భయం, ఒకవైపు పట్టలేనంత సంతోషం. రెండూ కలిసి ఆకలి మాత్రం తెగ వేసేది.

ఆ మూడూ గట్టెక్కాయి. మిగిలింది ఇరవై అయిదు మీటర్లు.

పరీక్షరోజు అమ్మ కూడా వచ్చి బెంచీ మీద కూర్చుంది, మెడలో కొలతల టేపుతోనే. కొడుకు చేతిలో కొత్త నిక్కరు పెట్టింది.

"ఇదేం గుడ్డమ్మా? ఎక్కడో చూసినట్టుందే."

"మావయ్య యూనిఫాం ప్యాంటు. కత్తిరించేశాను. ఇక ఆ షాపుకి పోవడానికి ప్యాంటు లేదు నీకు. పో, ఈదు."

పొడుగు దూకాడు. పది మీటర్లు. పదిహేను. అక్కడ కాళ్ళు బరువెక్కాయి, నోట్లోకి నీళ్ళొచ్చాయి. గట్టు మీద అతని పక్కనే నడుస్తున్న అమ్మాయి విజిల్ సంగతే మరిచిపోయింది.

"ఊపిరి వదులు! ఇంకొంచెం! నా వైపు చూడకు, ముందుకి చూడు!"

అతను ముందుకే చూశాడు. ఆమే చూసుకోలేదు. తడి అంచు మీద కాలు జర్రున జారి, విజిల్‌తో సహా బుడుంగున నీళ్ళలో పడింది.

అదే క్షణంలో పొడుగు చెయ్యి ఒకటి అవతలి గోడకి తగిలింది. రెండో చెయ్యి ఆమెకి అందించాడు.

"నాకు ఈతొచ్చు!" అంది ఆమె, జుట్టులోంచి నీళ్ళు కారుతుంటే.

"తెలుసు. అయినా పట్టుకో."

పట్టుకుంది.

"పాస్!" అరిచారు మాస్టారు. "ఇక ఇద్దరూ బయటికి రండి."

అమ్మ తెచ్చింది ఒకే తువ్వాలు. అది తిన్నగా తీసుకెళ్ళి ఆ అమ్మాయి తల తుడిచింది. "వీడు చిన్నప్పుడు స్నానం చేయించబోతేనే ఇల్లెగిరిపోయేలా ఏడ్చేవాడమ్మా. ఎవరి కోసం దిగాడో నాకు తెలీదా? ఒకసారి ఇంటికి రా తల్లీ, జాకెట్టుకి కొలతలు తీసుకుంటాను." కొడుకు వణుకుతున్న సంగతి ఆవిడకి పట్టనే లేదు.

గంట తర్వాత మూడో కౌంటరు మీదికి ఆ ఫారం మళ్ళీ వచ్చింది. పొడుగు ఈసారి ఆలోచించలేదు. 'మూడో కౌంటర్లో కూర్చునే అమ్మాయి రోజూ కనబడుతుందని చేరాను. ఆమె అంటే నాకు ప్రాణం,' అని గుండ్రంగా రాసిచ్చాడు.

ఆమె చదివింది. మళ్ళీ చదివింది. చెవి వెనక పెన్సిలు జారి కింద పడినా తీసుకోలేదు.

"ఇది ఆఫీసు ఒప్పుకోదు," అంటూ ఇంకో ఖాళీ ఫారం జరిపింది. "ఇందులో 'ఈత నేర్చుకోవడానికి' అని రాయి. నేర్చుకున్నావు కాబట్టి ఇప్పుడది అబద్ధం కాదు."

"మరి ఆ కాగితం?"

ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి తన బ్యాగులో వేసుకుంది. "ఇది నాది. ఇందులో రాసినదానికి కూడా లెక్కుంది. మధ్యలో డ్రాప్ చేస్తే ఊరుకోను."

"ఇదొక్కటీ చచ్చినా డ్రాప్ చెయ్యను," అన్నాడు పొడుగు, ఇంకా నీళ్ళు కారుతూనే.