దారం చివర ఉన్నది

"లాగితే వచ్చేస్తుందేమో మేడమ్, నాకు చేతులాడటం లేదు!" అంటూ కింది టైలర్ షాపు కోడలు రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది. వాళ్ళ కుక్క, పేరు మచ్చ, ఏదో మింగిందట. నాలుక కింద నుంచి నల్లదారం వేలాడుతోందట. మామగారేమో అది గుండీయే, దానంతటదే బయటికి పోతుంది, కంగారుపడొద్దు అంటున్నారట.

డిటెక్టివ్ మేడమ్ కాఫీ గ్లాసు పక్కన పెట్టి లేచింది. దొంగల్ని పట్టే మనిషికి కుక్క గుండీల కేసా అని ఆమె అసిస్టెంటుకు ఒళ్ళు మండింది. చెవి మీద పెన్సిల్ లేనిదే గడప దాటడు కాబట్టి అందరూ అతన్ని పెన్సిల్ అనే పిలుస్తారు.

షాపులో మచ్చ చొంగ కారుస్తూ బల్ల కింద మూలుగుతోంది. కోడలి భర్త, ఆ ఇంటి కొడుకు, దాని తల నిమురుతున్నాడు. మామగారు, అంటే షాపు మాస్టారు, ఒళ్ళో కోటు పెట్టుకుని కూర్చున్నాడు. సూది పోగొట్టి చెప్పలేదని సొంత తమ్ముణ్ణే పనిలోంచి గెంటేసిన మనిషి ఆయన. సాయంత్రం సూదులు లెక్కపెట్టనిదే షట్టరు దించనివ్వడు.

"గుండీ మింగడం ఎవరు చూశారు?" అని అడిగింది మేడమ్.

"నేనే. ఈ కోటుదే. పొద్దున తొమ్మిదింటికి కుడుతుంటే జారింది," అన్నాడు మాస్టారు.

మేడమ్ కోటు తిప్పి చూసింది. నాలుగు కాజాలు, నాలుగు గుండీలు. సూదులు గుచ్చిన చిన్న దిండు అందుకుంది. మొత్తం పన్నెండు. పదకొండు వాడి వాడి మసకబారాయి, ఒక్కటి తళతళలాడుతోంది. పెన్సిల్ అన్నీ రాసుకున్నాడు గానీ ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

"అందరూ ఇలా రండి," అంటూ మేడమ్ కుక్క పక్కన కూర్చుని దాని మూతికి చెయ్యి అడ్డం పెట్టింది. "గుండీయే అయితే భయమెందుకు? బాబూ, దారం పట్టుకుని ఒక్క లాగు లాగు."

కొడుకు వంగాడు.

"ఆగరా! లాగకు! అది సూది!"

అరిచింది మాస్టారే. కొడుకు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కోటుకు గుండీ తగ్గలేదు, దిండుకు సూది తగ్గింది," అంది మేడమ్. "కొత్తది గుచ్చి లెక్క సరిపెట్టింది మీరే. దారం లాగినా, ఉప్పునీళ్ళు పట్టి కక్కించినా సూది గొంతులో దిగబడుతుంది. దారం ముట్టుకోకుండా, అలాంటి సూది ఒకటి వెంట తీసుకుని పశువుల డాక్టరు దగ్గరికి పదండి. ఎప్పుడు మింగిందో ఉన్నదున్నట్టు చెప్పండి."

గంటన్నర తర్వాత డాక్టరు సూది ఉన్న ట్రే పట్టుకుని బయటికి వచ్చాడు. "బతికిపోయింది. ఇంకో పూట ఆగుంటే నా చేతుల్లో ఉండేది కాదు."

కొడుకు తండ్రి వైపు తిరిగాడు. "ఎందుకు దాచావు నాన్నా? చచ్చిపోయేది కదా!"

"తమ్ముణ్ణి గెంటేశాను కదరా, ఏ మొహం పెట్టుకుని చెప్పను?" అన్నాడు మాస్టారు. "సూది కింద పడటం చూళ్ళేదు. దారం చేతిలోంచి జారాకే మచ్చ లాక్కుందని తెలిసింది. ఆర్నెల్లుగా నాకు సూదే కాదు, నీ మొహం కూడా సరిగ్గా కనబడటం లేదురా."

పెన్సిల్ గబుక్కున మేడమ్ వైపు చూశాడు. ఆ సంగతి ఆమె కూడా ఊహించలేదని ఆమె మొహం చూస్తే తెలిసిపోయింది.