ప్రివ్యూలో రెండడుగులు

సిద్ధార్థ శవం విజయవాడ వన్ టౌన్‌లో, ఒక కాగితాల గోడౌన్ వెనక దొరికింది. మెడ మీద సూది గుచ్చిన గుర్తు. జేబులో పర్సు జేబులోనే ఉంది, చేతికి వాచీ చేతికే ఉంది. పిడికిట్లో మాత్రం నలిగిన కాగితం ఒకటి. దాని మీద గళ్ళ పట్టిక. కుడివైపు ఆఖరి గడి సగానికి తెగిపోయి ఉంది.

"దీనికోసమా మనిషిని చంపారు?" అన్నాడు కిరీటి, ఆ ఫోటో చూస్తూ.

అతను నిలబడింది కొండపల్లిలో ఒక బొమ్మల కొట్లో. ఐదు నిమిషాల క్రితం "వామనుడి గొడుగు విరిగింది, మారుస్తారా?" అని అడిగాడు. "గొడుగు మార్చం, వామనుణ్ణే మారుస్తాం" అన్న జవాబు విని లోపలికొచ్చాడు. రంగులంటిన చొక్కాతో బల్ల వెనక కూర్చున్నవాడు అతని పైఅధికారి జయపాల్.

"ప్రశ్నలు నువ్వడుగుతావా, నన్ను చెప్పనిస్తావా?" అన్నాడు జయపాల్. "కృష్ణా డెల్టా కాలవల మీద పెద్ద షట్టర్లు అరవై. ఏది ఎప్పుడు ఎన్నడుగులు ఎత్తాలో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ పేరు కాలవదారి. విండోస్, మ్యాక్, లినక్స్, మూడింట్లోనూ నడుస్తుంది. ఇన్నాళ్ళూ ఇంజనీరు స్క్రీన్ చూసి ఆర్డర్లు చేత్తో రాసేవాడు. ఇప్పుడు దానికి ప్రింటింగ్, ప్రింట్ ప్రివ్యూ కలుపుతున్నారు. ఆ పని చేసిన ప్రోగ్రామర్ సిద్ధార్థ. మన ఏజెంట్."

"ప్రింట్ బటన్‌తో శత్రువుకేం పని సార్?"

"అదే కనుక్కో. విదేశీ ముఠా ఒకటి దిగింది. 'ఒక్క డెల్టా మునిగితే చాలు, మిగతా నదులు బేరానికొస్తాయి' అన్న వాళ్ళ మాట మన చెవిన పడింది. రేపు పదకొండింటి నుంచి వరద ఆర్డర్లు మొదటిసారి ప్రింటులో అమలవుతాయి. నువ్వు సిద్ధార్థ కుర్చీలో కూర్చో. అక్కడ టెస్టింగ్ చూసే ధనశ్రీ మన మనిషే." ఫోటో వెనక్కి తీసుకుంటూ అడిగాడు. "మీ ఇల్లు పామర్రు దిగువనే కదూ, కాలవ గట్టున?"

కిరీటి తలూపాడు. వాళ్ళమ్మ భద్రమ్మది గుంటమగ్గం. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తుంది. ఆ గుంటలో కూర్చునే కొడుకుని బీటెక్ చదివించింది. గట్టు దాటితే నీళ్ళు ముందు దిగేది ఆ గుంటల్లోకే.

జయపాల్ ఒక చెక్క ఏనుగు అందించాడు. అంబారీ పైకి లాగితే పెన్‌డ్రైవ్. "కంప్యూటర్‌కి తగిలిస్తే కోడ్ మొత్తం కాపీ అవుతుంది. ఏనుగు లేకుండా నా మొహం చూడకు."

*

ఆఫీసు వన్ టౌన్‌లో బట్టల కొట్టు పైఅంతస్తు. ధనశ్రీకంటే ముందు ఆమె సెంటు వాసన వచ్చింది, తర్వాత ముదురాకుపచ్చ పట్టుచీర, ఆఖర్న ఆమె.

"వీవర్స్ కోటాలో బీటెక్కా?" అంది అతని ఫైలు తిప్పుతూ. "పనంతా అయిపోయింది. రేపటిదాకా కుర్చీ కాపలా కాస్తే చాలు."

"ప్రివ్యూ ఒకసారి చూపించండి."

బటన్ నొక్కింది. తెర మీద పేజీ ముచ్చటగా నిలబడింది. తేరిపార చూసినా వంక పెట్టడానికేమీ లేదు. మార్జిన్లు సరిగ్గా ఉన్నాయి, పట్టిక పేజీ దాటితే శీర్షిక మళ్ళీ వస్తోంది. చివరి గడిలో లస్కరు పేరు, అంటే షట్టరు చక్రం తిప్పే కాలవ ఉద్యోగి పేరు.

"విండోస్‌లో తీశాను, మ్యాక్‌లో తీశాను. ప్రివ్యూ ఎలా ఉందో కాగితమూ అలాగే వచ్చింది."

"లినక్స్‌లో?"

ధనశ్రీ ఫైలు మూసేసింది. "ఆ ప్రింటర్ ఇంకా రాలేదు."

"కంట్రోల్ రూమ్‌లో ఉన్నవన్నీ లినక్సే కదండీ."

ధనశ్రీ నవ్వింది. "సిద్ధార్థ గారికీ ఇదే అలవాటు కిరీటి గారూ. అడగాల్సినదానికంటే ఒకటెక్కువ అడిగేవారు."

ఆమె అటు తిరగ్గానే ఏనుగు తన పని చేసింది.

*

మర్నాడు పదింపావుకి, బస్టాండు బెంచీ మీద లాప్‌టాప్ పెట్టుకున్న కిరీటికి అసలు సంగతి దొరికింది.

సిద్ధార్థ పేజీని గీయడానికి ఒకే ఒక్క ఫంక్షన్ రాశాడు. తెరనిస్తే తెర మీద గీస్తుంది, ప్రింటర్‌నిస్తే కాగితం మీద గీస్తుంది. అలా చేస్తేనే చూసిందే ప్రింటవుతుంది. ఎవరో దాని మధ్యలో మేకు దిగ్గొట్టారు. మెషీన్ లినక్స్ అయి, గీసేది కాగితం మీదైతే, దారి మళ్ళి ఇంకో ఫంక్షన్‌లోకి పోతుంది. అందులో అడుగులు వేరే.

కోడ్ మార్చినవారి పేరు కిందే ఉంది. ధనశ్రీ.

ఫోన్ చేస్తే జయపాల్ నంబరు కలవలేదు. ఆటో ఎక్కాడు. తోపుడుబళ్ళ మధ్య ఆటో ఇరుక్కుంటే దిగి పరిగెత్తాడు.

కంట్రోల్ రూమ్‌లో ఇంజనీరు అంకమ్మరావు పెన్ను మూత తీసి ఉన్నాడు. ముందు యాభైతొమ్మిది కాగితాలు. పక్కన ధనశ్రీ.

"వీడే సార్," అంది చల్లగా. "సిద్ధార్థని చంపినవాడు."

గార్డులిద్దరు కిరీటి రెక్కలు విరిచి పట్టుకున్నారు.

"ఆ కాగితాలు చదివారా సార్?" అరిచాడు కిరీటి.

"ప్రివ్యూలో ప్రతి అంకె చదివానయ్యా. చదివిందాన్నే మళ్ళీ చదవడానికి నాకేమన్నా మతిమరుపా?"

గోడ గడియారంలో పది యాభైరెండు. అమ్మ గుర్తొచ్చింది. డిజైనుకి నేత సరిపోయిందో లేదో ఆమె పక్కపక్కన పెట్టి పోల్చేది కాదు. డిజైను కాగితం మీద గుడ్డ పరిచి ఎండకెత్తేది. తప్పు పోగు తనంతట తనే బయటపడేది.

"ఒక్క కాగితం ఆ తెర మీద ఆనించండి సార్. ప్రివ్యూ నూరు శాతం జూమ్‌లో పెట్టి. సరిపోతే నన్ను ఉరి తీయండి."

విసుక్కుంటూనే అంకమ్మరావు కాగితం తెరకి ఆనించాడు. వెనకనుంచి వెలుతురు పడింది. గీత మీద గీత కూర్చోలేదు. రెండు అంకె మీద ఏడు అంకె ఎక్కి కూర్చుంది.

"రెండడుగులకి ఏడడుగులా!" అన్నాడాయన. గార్డుల పట్టు సడలింది.

ధనశ్రీ లిప్‌స్టిక్ మూత తీసింది. అందులోంచి సన్నటి సూది లేచింది. ఆమె చెయ్యి అతని మెడకి జానెడు దూరంలోకి వచ్చేసరికి కిరీటి జేబులోని ఏనుగుని అడ్డం పెట్టాడు. కొండపల్లి బొమ్మ మెత్తటి పొణికి కర్ర. సూది మొదలంటా దిగింది, మళ్ళీ రాలేదు. గార్డులు ఈసారి సరైన రెక్కలే పట్టుకున్నారు.

"మిగతాది ఒకటేది సార్?" కిరీటి కాగితాలు లెక్కపెట్టి అడిగాడు. "అరవయ్యోది?"

"పామర్రు దిగువ షట్టరుది. దూరమని తొమ్మిదింటికే సంతకం పెట్టి బండి మీద పంపాను." అంకమ్మరావు ఫోన్ దగ్గరికి లాక్కున్నాడు. "పదకొండు కొట్టగానే ఎత్తేస్తాడు."

పది యాభైఎనిమిది.

ధనశ్రీ పకపకా నవ్వింది. "చేసుకో ఫోను. అక్కడి లస్కరు నతానియేలు. కాగితం చేతిలో ఉంటే ఫోన్లో ఎవరేం చెప్పినా వినడు. కనుక్కునే వచ్చాం. మీ అమ్మ మగ్గం దగ్గరే ఉందా ఇప్పుడు?"

అవతల ఫోన్ మోగింది. ఎత్తలేదు. మళ్ళీ చేశారు. పదకొండు కొడుతుండగా ఎత్తాడు.

"నతానియేలూ! చక్రం మీద చెయ్యి తీసెయ్!" అరిచాడు అంకమ్మరావు.

"వేస్తే గదండీ తియ్యడానికి?" అన్నాడు అటు గొంతు తాపీగా. "ఏం కాగితం పంపారండీ ఇది? లస్కరు పేరు కాడ 'నతా' అని ఉంది. మిగతా మనిషేడి? సగం పేరుకి చక్రం తిప్పితే రేపు ఉద్యోగం మొత్తం పోద్ది. పూర్తి పేరుతో ఇంకోటి పంపండి. అందాకా నేను టీ తాగుతా ఉంటా."

కిరీటి కుర్చీలో కూలబడ్డాడు. సిద్ధార్థ పిడికిట్లోని కాగితం ఏం చెప్పిందో ఇప్పుడర్థమైంది.

"మీవాళ్ళు వాళ్ళ దేశపు లెటర్ సైజుకి పేజీ గీశారు మేడమ్," అన్నాడు. "ఇక్కడ వాడేది ఏ-ఫోర్. వెడల్పు ఆరు మిల్లీమీటర్లు తక్కువ, అందుకే చివరి గడి తెగింది. వన్ టౌన్‌లో ఏ కాగితాల కొట్లో అడిగినా చెప్పేవాళ్ళు."

ధనశ్రీ నవ్వు ఆగిపోయింది.

అమ్మకి ఫోన్ చేశాడు. మగ్గం చప్పుడు వినబడింది. "పనిలో ఉన్నాన్రా, తర్వాత చెయ్యి," అని పెట్టేసింది.

ఆ వెంటనే జయపాల్ ఫోను. శభాష్ అనలేదు.

"ఏనుగేది?"

"విధి నిర్వహణలో పోయింది సార్."