వెనక్కి చూడని మిస్

మొదటి రోజే మా ఇద్దరికీ పడలేదు. స్కూలు నీలం బస్సుకి నేను డ్రైవర్ని. ఆవిడ ఆడపిల్లల హాస్టల్‌కి కొత్తగా వచ్చిన మిస్. బస్సెక్కిన పిల్లల్ని ఒకటికి మూడుసార్లు లెక్కపెడుతుంటే విసుగొచ్చి హారన్ కొట్టాను.

"తొందరెందుకండీ? ఒక్కళ్లు తగ్గితే వాళ్ల బదులు మీరొచ్చి క్లాసులో కూర్చుంటారా?"

"ముందు మీరు కూర్చోండి మిస్. సడన్ బ్రేక్ పడితే లెక్కలో మీరే తగ్గిపోతారు."

పిల్లలు గొల్లుమన్నారు. ఆ రోజు నుంచి నేను బ్రేకుగారినైపోయాను.

మాది మిషనరీల పిల్లల కోసం పెట్టిన స్కూలు. అమ్మానాన్నలు సువార్త పని మీద రోడ్డు కూడా లేని చోట్లకి వెళ్లిపోతే, పిల్లలు ఇక్కడ హాస్టల్లో పెరిగేవాళ్లు. ఇప్పుడు కంపెనీ ఆఫీసర్ల పిల్లలూ, ఎన్నో దేశాల వాళ్లూ చదువుతున్నారు. మిస్ మాత్రం పాత బాపతే. ఆరేళ్లప్పుడు ఇదే హాస్టల్లో చేరి, పెద్ద చదువులయ్యాక మళ్లీ ఇక్కడికే ఉద్యోగానికి వచ్చింది.

"మీ ఇల్లెక్కడ మిస్?" అన్నానోసారి. బయట జోరువాన. వైపర్ ఒక్కటే పనిచేస్తోంది.

"పై అంతస్తు, కిటికీ పక్క మంచం."

జోకనుకుని నవ్వాను. తను నవ్వలేదు. ఆ తర్వాత నాకు అన్నం సహించలేదు, నిద్ర పట్టలేదు. నాకేమైందో ఇంకా విడమరిచి చెప్పాలా!

"అద్దం ఉన్నది రోడ్డు చూడ్డానికి బ్రేకుగారూ."

"రోడ్డే చూస్తున్నా. మధ్యలో మీరడ్డొస్తున్నారు."

ఇలా రెండేళ్లు గడిచాయి. ఒకరోజు పిల్లలంతా దిగాక తను ముందు సీట్లోకి వచ్చి కూర్చుంది.

"నాన్నగారు వాళ్లుండే చోటే నాకో సంబంధం చూశారు. రమ్మంటున్నారు. వెళ్తే ఒప్పుకున్నట్టే."

"మరి వెళ్తున్నారా?"

"వెళ్లొద్దనేవాళ్లు ఎవరున్నారు?"

అద్దంలో సూటిగా నా కళ్లలోకే చూసింది. డిగ్రీ కూడా లేని డ్రైవర్ని. నా నోట్లోంచి వచ్చిన మాట, "లగేజీ ఎంతుంది మిస్?" అని. నా అంత మొద్దు ఇంకొకడుండడు.

శనివారం మధ్యాహ్నం స్టేషన్ ముందు తన పెట్టె దింపాను.

"వస్తాను బ్రేకుగారూ."

"జాగ్రత్త మిస్."

తను నడిచింది. నాలో నేనే పందెం కాసుకున్నాను. ఒక్కసారి వెనక్కి చూస్తే చాలు, పరిగెత్తుకెళ్లి చెప్పేస్తాను. తను గేటు దాటింది. లోపల గోడ దగ్గర ఆగింది. పది నిమిషాలు చూశాను. వీపే కనిపించింది తప్ప మొహం తిప్పలేదు. ఒళ్లు మండింది. బస్సు తిప్పేశాను.

హాస్టల్లో ముసలి వార్డెన్ కిటికీ పక్క మంచం మీద దుప్పటి తీస్తోంది. ఆవిడని స్కూలంతా పెద్దమ్మ అనే పిలుస్తారు.

"ఏడ్చిందా?"

"ఏడుపా! కనీసం వెనక్కైనా చూళ్లేదు పెద్దమ్మా."

"ఎలా చూస్తుంది నాయనా? దింపడానికొచ్చిన అమ్మానాన్నల వైపు తిరిగి చూడకూడదని ఇక్కడ పిల్లలకి మొదటి రోజే నేర్పేవాళ్లం. ఏడుపు మొహం చూస్తే వాళ్లు పని వదిలేసి ఉండిపోతారని. దానికి నేనే నేర్పాను. చూడాలని ఎంత ఉంటే అంత గట్టిగా మెడ బిగించేది."

దుప్పటి పట్టుకుని అలాగే కూలబడింది. నేనప్పటికే మెట్లు సగం దిగేశాను. ఫోన్ చేద్దామంటే తన ఫోన్ హాస్టల్‌ది. పొద్దున్నే ఆఫీసులో అప్పగించేసింది.

స్టేషన్‌కి తిరిగొచ్చేసరికి ప్లాట్‌ఫారం ఖాళీగా ఉంది. గోడ దగ్గర పోర్టర్ ఒక్కడే ఉన్నాడు.

"రైలు పోయి పావుగంటైంది బాబూ."

"ఇక్కడ ఒకమ్మాయి..."

"గోడవైపు తిరిగి నిలబడిందే, ఆ అమ్మాయేనా? రైలొచ్చినా ఎక్కలేదు. బయట నీలం బస్సు ఉందా అని ఒకటే అడగడం. నువ్వే తిరిగి చూడమ్మా అంటే నావల్ల కాదంది."

"నువ్వేమన్నావు?"

"ఉన్నంతసేపూ ఉందనే చెప్పాను. ఆ అమ్మాయి కదల్లేదు. బస్సు పోయిందమ్మా అన్నాక, పెట్టె ఎక్కించమంది."