మాస్టారు మూయని ఫైలు

బందరు కోనేరు సెంటరు పక్క సందులో ఆ డి.టి.పి. షాపు ఉంది. పెళ్ళి శుభలేఖలైనా, ఓణీల ఫంక్షన్ కార్డులైనా, పోయినవాళ్ళ ఫ్లెక్సీలైనా అన్నీ ఒకే కీబోర్డు మీద పుట్టాల్సిందే. ఓనరు జగన్మోహనరావు బోర్డు మీద మనవరాలి పేరు రాయించుకున్నాడు గాని, పొద్దస్తమానం కూర్చుని నడుం పోగొట్టుకున్నవాడు మాత్రం సాయిబాబు. ఆ సాయంత్రం ముసురు పట్టింది. కళ్ళు మండుతున్నాయి. ఇక షట్టరు దించుదామని లేచేసరికి, ఒక పెద్దావిడ తడిసిన చీరకొంగులో ల్యాప్‌టాప్ చుట్టుకుని మెట్లెక్కింది.

"ఫైలు తెరుచుకోవడం లేదు నాయనా."

డాక్టరుకు జ్వరం ఎలాగో సాయిబాబుకు ఆ మాట అలాగ. "రేపు పొద్దున రండమ్మా" అనబోయి ఆవిడ ముఖం చూసి ఆగిపోయాడు. కళ్ళ కింద నల్లటి చారలు. నిలబడే ఓపిక లేక బల్ల అంచు పట్టుకుంది.

ఆవిడ పేరు రాధాకుమారి. కృష్ణ ఒడ్డున ఉన్న మన జిల్లా శ్రీకాకుళం నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. భర్త వెంకటరత్నం మాస్టారు తెలుగు పండితుడుగా చేసి రిటైరయ్యాడు. తమ ఊరి ఆంధ్ర మహావిష్ణువు మీద శతకం మొదలుపెట్టాడు. మంచాన పడ్డాక కూడా ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని టైపు చేస్తూనే ఉన్నాడు. అలా చేస్తూనే పోయాడు. ఎల్లుండి పెద్దకర్మ. వచ్చినవాళ్ళ చేతుల్లో ఆ శతకం పుస్తకంగా పెట్టాలని ఆవిడ కోరిక.

"ఎల్లుండికి అంటే కష్టమమ్మా. ఓ నెల పోయాక వేయించుకోకూడదూ?"

"కాదు నాయనా." ఆవిడ గొంతు తగ్గించింది. "పుస్తకం సంగతి అటుంచు. రాత్రయితే ఆ మూతపెట్టిన దాంట్లోంచి టకటకమని చప్పుడు. శతకం పూర్తయితేగాని ఆయన కదలరు. మంచం పక్కన ఎన్నాళ్ళు మేలుకున్నానో ఆ దేవుడికి తెలుసు. పోయాకైనా ఒక్క రాత్రి నిద్రపోనిమ్మను."

దిగులు మీదున్న మనిషి, ఏవేవో వినిపిస్తాయిలే అనుకున్నాడు సాయిబాబు. స్టూలు చూపించి, ల్యాప్‌టాప్ తెరిచాడు. నొప్పుల తైలం వాసన గుప్పుమంది. ఫైలు మీద నొక్కాడు. తెరుచుకోలేదు. ఒక మాట మాత్రం వచ్చింది.

ఈ ఫైలును వెంకటరత్నం ఎడిట్ చేస్తున్నారు.

రాధాకుమారి కళ్ళు మూసుకుంది. సాయిబాబు నవ్వాడు.

"భయపడకండమ్మా. బస్సు సీట్లో తువ్వాలు వేసి దిగిపోతాం చూడండి, అలాంటిదే ఇది. మనిషి లేడు, తువ్వాలుంది. మాస్టారు ఫైలు మూయకుండా పోయారు కదా, ఆ గుర్తు మిగిలిపోయింది. అది తీసేస్తే సీటు ఖాళీ."

ఆ గుర్తు ఏ మూల దాక్కుంటుందో అతనికి తెలుసు. వెతికి చెరిపేశాడు. మళ్ళీ నొక్కాడు.

ఈ ఫైలును వెంకటరత్నం ఎడిట్ చేస్తున్నారు.

చూస్తే తువ్వాలు మళ్ళీ వేసి ఉంది. మళ్ళీ చెరిపాడు. ల్యాప్‌టాప్ ఆపి, మళ్ళీ వేశాడు. అదే మాట. లాభం లేదని ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి షాపు సిస్టమ్‌లో తెరిచాడు. మాస్టారి వేలు ఏనాడూ తగలని కంప్యూటరది. అందులోనూ అదే మాట.

బయట వాన జోరందుకుంది. ఎదుటి టీ బంకు కట్టేసినట్టున్నారు, స్టవ్ రొద ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే రాధాకుమారి గోడకు తల ఆనించి నిద్రపోతోంది. ఎన్నాళ్ళకు పట్టిన నిద్రో, నోరు తెరిచి, చిన్నపిల్లలా.

లేపబుద్ధి కాలేదు. ఇలాంటి మొండి ఫైళ్ళకు ఒక దొడ్డిదారి ఉంటుంది. చదవడానికి మాత్రమే తెరవమని అడిగితే, దిద్దనివ్వకపోయినా చూడనిస్తుంది. అలాగే అడిగాడు. తెరుచుకుంది.

అన్నీ పద్యాలు. సాయిబాబుకు పద్యమంటే నాలుగు వరసలు, మధ్యలో కాస్త జాగా... అంతవరకే తెలుసు. శతకంలో ప్రతి పద్యం ఒకే పిలుపుతో ముగియాలని, దాన్ని మకుటమంటారని బళ్ళో విన్నాడు. ఇక్కడా అంతే. "ఆంధ్రవిష్ణుదేవ యభయమీవె." కిందికి జరుపుతూ పోయాడు. ప్రతి పద్యం చివరా ఆ విష్ణువే. చిట్టచివర ఒక పద్యం ఒంటి పాదంతో ఆగిపోయి ఉంది.

ఆగిపోయె నూపి రక్షరమ్ము కదలె

పాపం, ఇక్కడే పోయుంటాడు అనుకున్నాడు. ఫైలు మూశాడు. పక్కన ల్యాప్‌టాప్‌లో... టక్. టకటక.

దాని దగ్గర ఎవరూ లేరు. మీటలు కదలడం లేదు. చప్పుడు మాత్రం వస్తోంది. వణికే చెయ్యి ఒక్కో మీటా వెతుక్కుంటున్నట్టు... ఆగి... మళ్ళీ.

సాయిబాబు ఫైలు తెరిచాడు. రెండో పాదం ఉంది.

మీట నొక్కు వేలు మిగిలె నిచట

మూశాడు. తైలం వాసన మెడ వెనక నుంచి వస్తోంది... తిరిగి చూడలేదు. తెరిచాడు.

పుటను మూయవలదు పొలిమేర దాటను

ఇక తెరవకూడదనుకున్నాడు. మనసు వద్దంటూనే ఉంది. వేలు వినలేదు. నాలుగో పాదంలో విష్ణువు లేడు.

సాయిబాబు నన్ను సాగనీకు

సాయిబాబు కుర్చీ వెనక్కి తోశాడు. లేచి రాధాకుమారి భుజం తట్టాడు.

"అమ్మా... అమ్మా... నా పేరు మీకెవరు చెప్పారు?"

ఆవిడ ఉలిక్కిపడి కళ్ళు నులుముకుంది. "నీ పేరేమిటి నాయనా?"

సాయిబాబు తెర వైపు తిరిగాడు.

"అయిపోయిందా?" అంది ఆవిడ మెల్లగా. ఆ గొంతులో భయం లేదు, ఏడుపూ లేదు. పొలంలో దింపిన బరువు మళ్ళీ నెత్తికెత్తుకోమంటారేమోనన్న అలుపు తప్ప ఏమీ లేదు.

తెర మీద చూస్తే ఒకాయన నన్ను సాగనంపవద్దంటున్నాడు. స్టూలు మీద చూస్తే ఒకావిడ నిద్రపోనిమ్మంటోంది. పోయినవాడి మాటా, ఉన్నవాళ్ళ మాటా ఒకేసారి చెవిన పడితే మనిషన్నవాడు ఉన్నవాళ్ళ వైపే నిలబడాలి. సాయిబాబూ అలాగే చేశాడు. పద్యాలన్నీ కొత్త ఫైలులోకి ఎత్తిపోశాడు. ఆ ఆఖరి పద్యం చెరిపేశాడు. కింద 'సంపూర్ణం' అని కొట్టాడు.

చప్పుడు ఆగిపోయింది. ఒక్కసారిగా... చెయ్యి పట్టుకుని ఆపినట్టు. తెర మీద ఇంకో మాట వచ్చింది.

ఫైలు ఇప్పుడు ఎవరి చేతిలోనూ లేదు. మీరు ఎడిట్ చేసుకోవచ్చు.

"అయిపోయిందమ్మా," అన్నాడు సాయిబాబు.

పెద్దకర్మనాడు పుస్తకాల కట్టలు స్కూటర్ మీద వేసుకుని తనే శ్రీకాకుళం వెళ్ళాడు. రాధాకుమారి ఎదురొచ్చింది. ముఖం తేటపడింది. "రెండు రాత్రులూ ఒళ్ళెరగకుండా పడుకున్నాను నాయనా. భోంచేసిగాని కదలడానికి వీల్లేదు," అని పట్టుబట్టి షామియానా కింద కూర్చోబెట్టింది. పక్కనున్నవాళ్ళు పుస్తకం తిరగేస్తూ, మాస్టారిది ఎంత ఓపికో చెప్పుకుంటున్నారు.

ఆవిడే స్వయంగా మారు పప్పు వడ్డించడానికి వంగింది. వంగినది అలాగే ఉండిపోయింది. గరిటెలో పప్పు బొట్లుబొట్లుగా విస్తరి పక్కన పడుతోంది.

"ఏంటమ్మా?"

ఆవిడ అతని ఎడమ చేతి వంక చూస్తోంది. సాయిబాబూ చూసుకున్నాడు. మోకాలి మీద పెట్టుకున్న చెయ్యి. బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీదుగా నడుస్తోంది. చూపుడువేలు మీద మూడు కణుపులు, మధ్యవేలు మీద రెండు, ఆగి, మళ్ళీ మొదటికి. ఎప్పుడు మొదలైందో అతనికి తెలియదు.

"ఆయనా ఇంతే," అంది రాధాకుమారి, పెదాలు కదిలీ కదలకుండా. "అన్నం ముందు కూర్చుని ఇలాగే పద్యానికి గణాలు లెక్కపెట్టుకునేవారు."

సాయిబాబు తల అడ్డంగా ఊపాడు. "నాకు గణాలంటే తెలియదమ్మా..."

ఆవిడ చుట్టూ చూసింది. గరిటె గిన్నెలో వదిలేసి, ఎవరికీ కనబడకుండా రెండు చేతులూ జోడించింది.

"తొందరగా తిని లే నాయనా. ఈ ఇంట్లో ఇక వద్దు. ఆయన్ని నీతోనే తీసుకుపో."

ఎంగిలి చేత్తోనే ఎడమ చేతిని గట్టిగా పట్టుకున్నాడు సాయిబాబు. ఆ పట్టు కింద బొటనవేలు ఇంకో కణుపు దాటింది.