నాలుగు మైళ్ల బండి

“మేస్త్రీ, మీరు చెయ్యి పెట్టినంక మా బండి ఇంకా అందంగా ఆగతాంది” అంది పంకజాక్షి, కాఫీ గ్లాసు బానెట్టు మీద పెడుతూ.

శాంతయ్య కార్బరేటరు మీంచి తల ఎత్తలేదు. ఎత్తితే ఆ నవ్వు చూడాలి. చూస్తే చేతిలోని స్క్రూ ఎక్కడిదో మరిచిపోతాడు. ముప్పై నాలుగేళ్లవాడికి అది తగదని అతనికి తెలుసు. ఏడో తరగతిలో బడి మానేసినవాడికి, గోళ్లలో గ్రీజు పోనివాడికి ఏమేమి తగవో లోకం విసుగన్నది లేకుండా చెబుతూనే వచ్చింది. పిల్లనిద్దామని వచ్చిన ఇద్దరు తండ్రులు అతని మొహం కంటే ముందు చేతులు చూసి లేచి వెళ్లిపోయారు.

“తాగండి. ఆరిపోతే మళ్లీ కాచేది నేనే.”

“బండి జబ్బు దొరికినంక తాగుతా మా.”

“అట్లయితే ఈ జన్మకు మీకు కాఫీ లేదు.”

పూతలపట్టులో పంకజాక్షి తండ్రి తిరుమలయ్య ఇంటి ముందు ఆ పాత పికప్పు వ్యాను పది రోజులుగా చికిత్సలో ఉంది. చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీకి మామిడికాయలు తోలే బండి. పందొమ్మిది వందల ఎనభై మూడు ఎండాకాలం, కాయ చెట్టు మీదే మాగిపోతోంది. వాకిట్లో స్టార్టు చేస్తే గుడగుడమంటూ బాగానే ఆడుతుంది. రోడ్డెక్కితే నాలుగు మైళ్లకు ప్రాణం విడుస్తుంది. పెట్రోలు చూపించే ముల్లు ఏనాడో పాడైంది కాబట్టి తిరుమలయ్య దిగి, ట్యాంకు మూత తీసి పుల్ల ముంచి చూసేవాడు. పెట్రోలు ఉండేది. మూత పెట్టి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు కదిలేది. ఇంకో నాలుగు మైళ్లకు మళ్లీ అంతే.

శాంతయ్య ప్లగ్గులు మార్చాడు. వాటికి కరెంటు పంపే పాయింట్లు గీకాడు. పెట్రోలు పంపు రెండుసార్లు విప్పాడు. ఇందుకోసం రోజూ చిత్తూరు నుంచి బస్సులో వస్తున్నాడు.

“సాల్లే అప్పా” అన్నాడు తిరుమలయ్య అరుగు మీంచి. “శుక్రవారం పాత ఇనుము కొనే ఆయన్ను రమ్మన్నా. తూకానికి ఇచ్చేస్తా.”

“ఇంకో రెండు దినాలు సూడనీ పెద్దాయనా.”

అని శాంతయ్య మళ్లీ బండి మీదికి వంగాడు. బాగుచేస్తే పని అయిపోతుంది. చేయలేకపోతే బండి పోతుంది. ఎటు తిరిగినా ఈ వాకిలి శుక్రవారంతో సరి.

మధ్యాహ్నం ఒక్కడే పాకాల దారిన తోలాడు. సన్నగా చినుకులు మొదలయ్యాయి. నాలుగో మైలు దగ్గర బండి ఆగింది. దిగి, పెద్దాయన లాగే పుల్ల పట్టుకుని మూత తిప్పాడు.

ఉస్స్! ఊపిరాడక పెనుగులాడిన మనిషిలా ట్యాంకు గాలి పీల్చుకుంది.

శాంతయ్య మూతను కళ్ల దగ్గర పెట్టుకున్నాడు. పెట్రోలు తగ్గేకొద్దీ లోపలికి గాలి పోవాలని మూతకు సూదిమొనంత బెజ్జం ఉంటుంది. అది మూసుకుపోతే పెట్రోలు ఇంజనుకు చేరదు. ఇప్పుడది కనిపించలేదు. అక్కడ పసుపు, పసుపు మీద కుంకుమ బొట్టు. ఆయుధపూజ నాడు మొదలుపెట్టి ఆ ఇంట్లో ప్రతి శుక్రవారం బండికి పెట్టే బొట్టు. మెకానిక్కన్నవాడు ఇంజన్లో వెతుకుతాడు గాని, పూజ చేసిన బొట్టును అనుమానిస్తాడా?

నవ్వుకుంటూ గోటితో గీకాడు. నవ్వు ఆగిపోయింది. పాత పసుపంతా ఎవరో ముందే శుభ్రంగా తీసేశారు. బెజ్జంలో ఉన్నది కొత్తది, పుల్లతో కూరింది. ఇంకా తడిగా ఉంది.

ఆ రోజు బుధవారం.

తిరిగొచ్చి వాకిట్లో బండి ఆపి మూతను పంకజాక్షి చేతిలో పెట్టాడు.

“మీ ఇంట్లో బుధవారం గూడా బొట్టు పెడతారా మా?”

ఆమె మూతను గుప్పెట్లో దాచుకుంది. చినుకులు జుట్టు మీద పడుతున్నా కదలలేదు.

“పోయిన శుక్రవారం మూత కడుగుదామని తీస్తే ఉస్సుమనింది. తుడిచి సూస్తే బెజ్జం. అప్పుడే తెలిసిపొయ్యింది.”

“మరి చెప్పలేదే?”

“చెప్తే నువ్వు మళ్లా ఎందుకొస్తావు?”

ఇన్నాళ్ల ‘మీరు’ ఎక్కడ జారిపోయిందో ఇద్దరూ గమనించారు.

“బండి తూకానికి పొయ్యేది గదా!”

“రేపు చెబుదామనే ఉన్నా. ఇంకొక్క దినం వస్తావని...” ఆమె అరుగు వైపు చూసింది. “నాయనకు చెప్తావా?”

శాంతయ్య తన చేతుల వంక చూసుకున్నాడు. తనను వదిలించుకోవడానికి సాకులు వెతికినవాళ్లను చూశాడు. పోకుండా ఆపడానికి ఒక మనిషి ఇంత తంటాలు పడుతుందని ఎవరైనా చెబితే నమ్మేవాడు కాదు.

“పిన్నీసు ఇయ్యి.”

గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. మూత తీసుకుని బెజ్జం శుభ్రం చేసి, రెండూ తిరిగి ఇచ్చాడు. ఆమె వేళ్లకు గ్రీజు అంటింది. తుడుచుకోలేదు.

“దొరికిందా అప్పా?” అరుగు మీంచి కేక.

“దొరికింది. మూతకు గాలి ఆడలేదు. ముందే సూసుకోవల్సింది, తప్పు నాదే... మామా.”

తిరుమలయ్య చుట్ట నోటిదాకా వెళ్లి ఆగింది. పది రోజులుగా పెద్దాయనా అన్నవాడు. ముసలాయన అతని మొహం చూశాడు. ట్యాంకు మూతను తెగ పరీక్షిస్తున్న కూతుర్ని చూశాడు. ఆ తర్వాత చాలాసేపు శాంతయ్య చేతులు చూశాడు.

ఈసారి శాంతయ్య వాటిని వెనక్కి దాచుకోలేదు.

“పంకజా” అన్నాడు తిరుమలయ్య, “పొయ్యి కాఫీ కాచుకోని రా. జబ్బు దొరికినంక తాగుతానన్నాడు గదా అల్లుడు.”